హవానా వాడల్లో కూరమడులు

నగరంలో కూరగాయల సాగు అనగానే మనకు డాబా మీది కుండీలు గుర్తొస్తాయి. అది ఒక ఇంటి ముచ్చట. వాడంతా కలిసి, అదీ ఆకలి తరుముతుంటే, కూరలు పండించుకోవడం ఎలాగో తెలియాలంటే క్యూబా రాజధాని హవానా సంగతి తెలుసుకోవాలి.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. క్యూబాకు డీజిలు, ఎరువులు, పురుగుమందులు చాలావరకు అక్కడి నుంచే వచ్చేవి. అవి ఆగిపోవడంతో పొలాల్లో ట్రాక్టర్లు నిలిచిపోయాయి. పండిన కాస్త పంటనైనా నగరానికి చేర్చడానికి లారీలకు ఆయిలు లేదు. 1992-93 నాటికి 50 వేల మందికి పైగా కంటి నరాలో, కాళ్ల నరాలో దెబ్బతిన్నాయి. సరైన తిండి లేక బి విటమిన్లు అందకపోవడం దీనికి ఒక ముఖ్య కారణమని వైద్యులు గుర్తించారు. దేశమంతటా విటమిన్ బిళ్లలు పంచాల్సి వచ్చింది.

అప్పుడు జనం ఖాళీ జాగాల్లోకి దిగారు. చాలాచోట్ల అక్కడున్నది రాళ్లూరప్పలూ, ఇటుక ముక్కలూ. దున్నితే పండే నేల కాదు. అందుకే నేల మీదే మడులు కట్టారు. చుట్టూ రాళ్లో, పాత పెంకులో, సిమెంటు పలకలో నిలబెట్టి, లోపల మట్టీ కంపోస్టూ కలిపి నింపారు. వీటిని అక్కడ ఆర్గనోపోనికోలంటారు. మడి వెడల్పు సుమారు నాలుగడుగులు. ఇటు నుంచీ అటు నుంచీ చెయ్యి చాపితే మధ్య దాకా అందుతుంది, మట్టిని తొక్కాల్సిన పని ఉండదు. తొక్కని మట్టి గుల్లగా ఉండి వేళ్లకు గాలీ నీరూ అందిస్తుంది. మందులు దొరకవు కాబట్టి మడుల చుట్టూ బంతి, మొక్కజొన్న వేశారు, వేప వాడారు. బంతిని ఎరపంటగా వేసే మన రైతులకు ఇది కొత్తేమీ కాదు.

నా దృష్టిలో అసలు కీలకం మట్టిలో కన్నా హక్కులో ఉంది. ప్రభుత్వ స్థలాలను సాగు చేసుకునేవాళ్లకు అనుభవ హక్కుతో ఇచ్చారు. అమ్ముకోవడానికి లేదు, పండించుకున్నంత కాలం వాళ్లదే. రేపు ఖాళీ చేయమంటారన్న భయం ఉంటే కంపోస్టు కోసం నెలల తరబడి ఎవరు కష్టపడతారు? హవానా తూర్పున అలామార్‌లో అపార్ట్‌మెంట్ల నడుమ 1997లో మొదలైన సహకార తోట అలా పెరుగుతూ పెరుగుతూ సుమారు పాతికెకరాలకు విస్తరించింది. పొద్దున కోసిన కూరలను తోట దగ్గరే అమ్ముతారు. చుట్టుపక్కల వాళ్లు నడిచొచ్చి కొనుక్కుంటారు.

ఆకుకూరల విషయంలో ఈ దగ్గరతనం చాలా పెద్ద సంగతి. బియ్యం నెలల తరబడి నిలవుంటుంది, తోటకూర సాయంత్రానికే వడిలిపోతుంది. కోసిన గంట నుంచే సి విటమిన్ తగ్గుతూ వస్తుంది. దూరం నుంచి వచ్చే కూరకు రవాణా ఖర్చు, పాడైపోయిన దాని నష్టం కలిసి ధర పెరుగుతుంది. పేదింట్లో ముందు మానేసేది కూరే.

అయితే నగర తోటలు దేశం కడుపు నింపాయని చెబితే అబద్ధమవుతుంది. బియ్యం, గోధుమలు, కోడిమాంసం క్యూబా ఇప్పటికీ భారీగా దిగుమతి చేసుకుంటోంది. తిండి కొరత కూడా తీరలేదు. మడులు ఇచ్చింది పళ్లెంలో పచ్చదనాన్ని. అదీ చిన్నదేం కాదు.

ఇక మన సంగతికొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. ఆకుకూరలొక్కటే దాన్ని పోగొట్టలేవు కానీ రోజువారీ తిండిలో అవి ఉండి తీరాలి. హైదరాబాదులో మూసీ వెంట మురుగునీటితో పండే ఆకుకూరలు మార్కెట్‌కు వస్తున్న సంగతి తెలిసిందే. అందుకని కాలనీవాళ్లు సొంతంగా తోట వేయాలనుకుంటే విత్తనాల కన్నా ముందు మూడు సంగతులు చూసుకోవాలి: కొన్నేళ్లపాటు చెల్లే రాతపూర్వక అనుమతి, వేసవిలోనూ అందే మంచినీరు, ఆ జాగా పూర్వం దేనికి వాడారన్న సమాచారం. పాత మెకానిక్ షెడ్డో, బ్యాటరీల దుకాణమో ఉన్న చోట మట్టిలో సీసం ఉండొచ్చు. అక్కడ ముందు మట్టి పరీక్ష చేయించి, ఆ తర్వాతే బయటి మట్టితో ఎత్తు మడులు కట్టుకోవడం మేలు.