కారు సలహాకు కొలత కావాలి

వేంసూరు, సత్తుపల్లి వైపు కార్లున్నవాళ్లు నలుగురు కలిస్తే మాట పెట్రోలు మీదికి పోతుంది. "ఈ ఇథనాల్ పెట్రోలు వచ్చాక మైలేజీ సగం పడిపోయింది" అంటారొకరు. "టాంకులో ఈ సీసా మందు పొయ్యి, ఇంజను బాగుంటది" అంటారింకొకరు. ఇద్దరూ మంచి మనసుతోనే చెబుతారు. కానీ మంచి మనసుతో చెప్పిందంతా నిజమైపోదు.

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో ఉండేది 21 మాత్రమే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20లో ఇథనాల్ అయిదో వంతు. లెక్క కడితే లీటరుకు శక్తి దాదాపు 7 శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక కూడా, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారైన పాత కార్లలో మైలేజీ 6-7 శాతం, ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లలో 1-2 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. కాబట్టి తగ్గుదల నిజమే. సగం పడిపోయిందంటే మాత్రం తప్పు వేరేచోట ఉండవచ్చు: టైర్లలో తగ్గిన గాలి, పట్టేస్తున్న బ్రేకు. నెపం పెట్రోలు మీద వేసి ఊరుకుంటే, ఆ బ్రేకును చూసేవాళ్లుండరు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే.

కారు తయారైన ఏడాది కూడా ముఖ్యమే. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలుంటాయి. పాత కారులో గొట్టాలు, గాస్కెట్లు కాలక్రమేణా దెబ్బతినవచ్చు. వాటిని మెకానిక్‌కు చూపించుకోవాలే గానీ, సీసా మందు పోస్తే పాత రబ్బరు కొత్తది కాదు.

ఊరిని బట్టి కూడా సలహా మారుతుంది. సత్తుపల్లి బొగ్గు గనుల దగ్గర దుమ్ములో తిరిగే కారుకు ఎయిర్ ఫిల్టర్ గడువుకంటే ముందే మార్చాలి. తారు రోడ్డు మీదే తిరిగే హైదరాబాదు మిత్రుడి లెక్క ఇక్కడ పనికిరాదు. కారుతో వచ్చిన పుస్తకంలోనే దుమ్ము ప్రాంతాలకు వేరే గడువు రాసి ఉంటుంది. ఆ పుస్తకం తెరిచేవాళ్లే తక్కువ.

మైలేజీ తెలుసుకోవాలంటే టాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, మళ్లీ అదే బంకులో నిండా పోయించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. అలా నాలుగైదు టాంకులు చూస్తేగాని సంగతి తేలదు.

కార్ల యజమానులు సంఘంగా కూడితే మొదట పెట్టుకోవలసిన కట్టుబాటు ఇది: ఏ మోడల్, ఏ ఏడాది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎలా కొలిచారు అన్నవి చెప్పకుండా ఎవరూ సలహా ఇవ్వొద్దు. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగుల విషయంలో నోటిమాట సలహా అసలే వద్దు. బండిని చేత్తో తాకి చూసిన మెకానిక్ మాటే తీసుకోండి.