నచ్చిన బండి ఏది? ఎందుకు?

‘మీకు నచ్చిన బైక్ ఏది?’ ఆటోమొబైల్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లే మెకానికల్ విద్యార్థి సిద్ధంగా ఉండాల్సిన ప్రశ్న ఇది. పేరు చెప్పడం సులువే. వెంటనే ‘ఎందుకు?’ అంటారు. ‘లుక్ అదిరిపోద్ది సార్’ అని ఆగిపోతే కష్టం. బండి మీద ఇష్టం అందరికీ ఉంటుంది. ఆ ఇష్టానికి కారణం చెప్పగలగడమే ఇంజినీరింగ్.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం... మీరెక్కడ చదువుతున్నా బండికి పరీక్ష పెట్టే దారులు చుట్టూనే ఉన్నాయి. వాటినే కొలబద్దగా పెట్టుకోండి.

కాలువ గట్టు పరీక్ష

వానాకాలంలో గట్టు రోడ్డు మీద ఇంజిన్ కింద తగలకూడదంటే గ్రౌండ్ క్లియరెన్స్ కావాలి. స్ప్లెండర్ ప్లస్‌లో అది 165 మిల్లీమీటర్లు, బండి బరువు 112 కిలోలు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. హైవే మీద ఆ బరువు కుదురుగా అనిపిస్తుంది. బురదలో పడితే లేపాల్సింది మాత్రం మీరే! పోనీ క్లియరెన్స్ బాగా పెంచేద్దామా? సీటు ఎత్తూ పెరుగుతుంది, పొట్టివాళ్లకి కాలు నేలకి అందదు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. డిజైన్ అంటే ఈ బేరమే.

తడి తారు, వదులు కంకర

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి. తడి రోడ్డు మీద సడెన్ బ్రేక్ వేసినా చక్రం లాక్ అవ్వకుండా కాపాడుతుంది. కానీ వదులు కంకర మీద ఏబీఎస్ వల్ల బండి ఆగే దూరం పెరగొచ్చు. అందుకే హిమాలయన్ 450లో వెనక ఏబీఎస్‌ని ఆపుకునే వీలు పెట్టారు. ‘ఏబీఎస్ ఉంది కాబట్టి నచ్చింది’ అనడానికీ, ఇలా విడమరిచి చెప్పడానికీ చాలా తేడా ఉంది.

అమ్మ కూర్చునే సీటు

నా మట్టుకు నాకు గుండ్రటి హెడ్‌లైట్, ఎండలోనూ కనిపించే ముల్లు మీటరు, పొడవాటి సీటు ఇష్టం. వెనక తోక పైకి లేచిన స్పోర్ట్స్ బైక్ ఫొటోలో బాగుంటుంది. చీర కట్టుకున్న అమ్మ ఒక పక్కకి కూర్చోవాలంటే? మనలో చాలామంది పీకి అటక మీద పడేసే శారీ గార్డ్ అలంకారం కాదు. వెనక కూర్చునేవారికి చేతిపట్టు, ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. చూడ్డానికి అందంగా, చీర చుట్టుకోకుండా... రెండూ కుదిరేలా గీయగలరా? ఇంటర్వ్యూలో ఇలాంటి ఆలోచన ఒక్కటి చెప్పినా వినేవాళ్లు తలెత్తి చూస్తారు.

ఎటు వెళ్లాలి?

టీవీఎస్ హోసూరులో, రాయల్ ఎన్‌ఫీల్డ్ చెన్నై దగ్గర బండ్లు తయారుచేస్తున్నాయి. హీరోకి మన తిరుపతి జిల్లాలో ప్లాంటు, జైపూర్‌లో పరిశోధన కేంద్రం ఉన్నాయి. బండి రూపం గీయడం మీదే మనసుంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాసి ఎం.డిజైన్‌లో చేరొచ్చు. బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, వయసు పరిమితి లేదు. ఈలోగా సాలిడ్‌వర్క్స్, కాటియాల్లో ఒకటి చేతికి అలవాటు చేసుకోండి.

ఈ ఆదివారం ఓ పని చేయండి. మీ ఇంట్లో ఉన్న బండినే తీసుకోండి. దాని కొలతలు చూసి, నచ్చినవి మూడు, నచ్చనివి రెండు కాగితం మీద పెట్టండి. ప్రతిదాని పక్కనా కారణం రాయండి. తర్వాత ఒక్క మార్పు చెప్పండి, దానివల్ల బరువు, ఖర్చు ఎంత పెరుగుతాయో అంచనా వేయండి. ఆ ఒక్క కాగితం బాగా కుదిరితే, ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకి ఇక తడుముకోనక్కర్లేదు.