షల్‌కు, మేకు నడుమ మన ఊరు

అమ్రాబాద్ బస్టాండు కాడ చాయ్ తాగుతుంటే డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, 'ఐ షల్' అనాల్నా, 'ఐ విల్' అనాల్నా?" వాని పక్కన ఉన్న చెల్లెది ఇంకో బాధ. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అన్నదని ఇంటర్వ్యూల నవ్విన్రట. అప్పటి సంది ఇంగ్లీషు అంటేనే నోరు తెరుస్తలేదు.

ముందుగాల చెల్లె సంగతి. 'హ్యావ్' అంటే ఉన్నది, కలిగి ఉన్నది అనే అర్థం వచ్చిన కాడ దానికి 'ఇంగ్' తోక పెట్టొద్దు అని గ్రామర్ పుస్తకం చెప్తది. 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్' అంటే సరిపోతది. అదే 'ఐ యామ్ హ్యావింగ్ టీ' అంటే తప్పు కాదు, అక్కడ తాగుతున్న అని అర్థం. గంతే ముచ్చట. ఇండ్ల నవ్వేటందుకు ఏమున్నది? దేశమంత కోట్ల మంది అట్లనే మాట్లాడుతరు. మనోళ్లు వాడే 'ప్రీపోన్' అనే మాటను ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ చేర్చుకున్నది. 'వచ్చిండు, పోయిండు' అంటే సినిమాల్ల రౌడీల నోట్లె పెట్టి నవ్విన కాలం మనం చూసినం. మాట ఎవని దగ్గర నుంచి వచ్చిందో చూసి నవ్వుతరు, తప్పు చూసి కాదు.

నోటి ఇంగ్లీషుల తప్పులు పోతే పోనీ. కాయిదం మీది ఇంగ్లీషు కథ వేరు. ఆడ ఒక్క మాట అర్థం కాకుంటే భూమే పోతది.

తమ్ముడు అడిగిన 'షల్' తీసుకోండ్రి. మాట్లాడేటప్పుడు 'ఐ విల్' అంటే చాలు, ఎవ్వరు పట్టించుకోరు. గానీ చట్టంల 'షల్' అంటే చెయ్యాల్సిందే అని. 'మే' అంటే చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు, ఆఫీసరు ఇష్టం. కోర్టులు అప్పుడప్పుడు సందర్భం చూసి వేరే తీరుగ చదువుతయి గానీ, మామూలుగ లెక్క ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) చూడుండ్రి. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాక అడవిల ఉంటున్న ఆదివాసిని గానీ, తరతరాలుగ ఉంటున్న వేరే కుటుంబాన్ని గానీ కబ్జాల ఉన్న అడవి భూమి నుంచి ఎల్లగొట్టొద్దు అని ఉంటది. ఆడున్నది 'షల్'. గదే జాగల 'మే' పడితే చెంచు పెంటలకు గా సెక్షన్‌తోని ఏం ఫాయిదా ఉండకపోవు.

నేను సుత మోసపోయిన ముచ్చట ఒకటి చెప్త. 2019ల యురేనియం లొల్లి యాదికున్నది గదా. గా ఏడు మే 22 నాడు కేంద్ర అటవీ సలహా కమిటీ, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల 83 చదరపు కిలోమీటర్ల మీద యురేనియం సర్వేకు 'ఇన్ ప్రిన్సిపుల్' ఒప్పుకోవచ్చని చెప్పింది. 'ఎక్స్‌ప్లొరేషనే గదా, మైనింగ్ కాదు' అని కొందరు సముదాయించిన్రు. ఎక్స్‌ప్లొరేషన్ అంటే ఎతుకుడు, మైనింగ్ అంటే తవ్వుడు, మాటలు రెండే. గానీ తవ్వే ఆలోచన లేనోడు బోర్లు ఏసి ఎందుకు ఎతుకుతడు? 'ఇన్ ప్రిన్సిపుల్' సుత అసొంటిదే. ఆఖరి మాట కాదంటరు, గానీ తొవ్వ మాత్రం తెరుస్తది.

గా దినాలల్ల ఒక ఊర్లె చెట్టు కింద కూసొని 1996 పెసా చట్టం చదివి చెప్పిన. షెడ్యూల్డ్ ఏరియాల ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు గ్రామ సభ 'షల్ బి కన్సల్టెడ్' అని ఉన్నది. 'షల్ ఉన్నది, మనం ఒప్పుకోకుంటే ఎవ్వడేం చెయ్యలేడు' అని గట్టిగ చెప్పిన. ఎనకాల కూసున్న రిటైర్డ్ సారు మెల్లగ అడిగిండు: "బిడ్డా, కన్సల్ట్ అంటే అడుగుడా, ఒప్పుకునుడా?" నా నోట మాట రాలే. కన్సల్ట్ అంటే అడుగుడే. మనం వద్దన్నా సరే, 'అడిగినం' అని రాసుకొని పోవచ్చు. ఒప్పుకోలుకు మాట 'కన్సెంట్'. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41ల షెడ్యూల్డ్ ఏరియాకు 'ప్రయర్ కన్సెంట్' అని రాసిన్రు, అంటే ముందే ఒప్పుకోలు తీసుకోవాలె. ఒక్క మాట మారేటందుకు 17 ఏండ్లు పట్టింది. నేను మాత్రం నాలుగు ఊర్లల్ల తప్పు చెప్పి తిరిగిన. మల్ల నాలుగు ఊర్లు తిరిగి దిద్దుకోవాల్సి వచ్చింది. 2019 సెప్టెంబర్ 16 నాడు అసెంబ్లీ యురేనియం వద్దని తీర్మానం చేసింది. అది జనం రోడ్డు మీదికి వస్తే అయింది, నా ఇంగ్లీషుతోని కాదు.

గా రెండు చట్టాలల్ల ఇంకో చిన్న మాట ఉన్నది, 'ఆర్'. గ్రామ సభ 'ఆర్' పంచాయతీ అని రాసిన్రు. 'అండ్' ఉంటే రెండూ కావాలె. 'ఆర్' ఉంటే ఒక్కటి చాలు. ఊరంత కూసొని వద్దన్నా, నలుగురు పెద్దమనుషులతోని సంతకం తీసుకొని పని కానిచ్చుకునే సందు గా ఒక్క 'ఆర్'ల ఉన్నది.

కామా గురించి సుత అడుగుతరు, 'అండ్' ముందట పెట్టాల్నా వద్దా అని. పెట్టినా నడుస్తది, పెట్టకున్నా నడుస్తది, అర్థం చెడకుంటే చాలు. చెడితే ఏమైతదో అమెరికాల మెయిన్ రాష్ట్రం డ్రైవర్లను అడగాలె. ఓవర్‌టైం పైసలు ఏ పనులకు రావో చెప్పే చట్టంల, ఆఖరున 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ఉండె. 'ఆర్' ముందట కామా లేదు. అంటే ప్యాక్ చేసే పనికే పైసలు రావు, బండి తోలి సరుకు పంచేటోళ్లకు వస్తయి అని పాల కంపెనీ డ్రైవర్లు కొట్లాడిన్రు. 2017ల అప్పీలు కోర్టు వాళ్ల దిక్కు నిలవడ్డది. మరుసటేడు కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీకొచ్చింది.

మన తెలుగుల 'పులిని మల్లయ్య చూసిండు' అన్నా, 'మల్లయ్య పులిని చూసిండు' అన్నా ఒక్కటే. 'ని' అనే అక్షరం పని చేస్తది. ఇంగ్లీషుల గసొంటి తోక లేదు, మాట జాగ మారితే మల్లయ్యను పులి చూస్తది. అందుకే ఇంగ్లీషు కాయిదం చదివేటప్పుడు ముందు ఎవ్వరు, తర్వాత ఏం చేస్తున్నరు, ఎవ్వరిని చేస్తున్నరు అని వరుస పట్టుకొని చదవాలె.

'ఏ', 'ద' మనకు రావంటరు. వస్తయి. 'ఒక ఊరు' అంటే 'ఏ విలేజ్', 'గా ఊరు' అంటే 'ద విలేజ్'. గ్రాంథికం చదివినోళ్లకు తిప్పలేమో గానీ, దినాం వందసార్లు 'గా' అనే మనకేం తిప్పలు?

చట్టాలకు ఇంగ్లీషు పాఠమే ఆధారం అని రాజ్యాంగం 348 ఆర్టికల్‌ల ఉన్నది, అందుకే తెలుగు నకలు చేతిల ఉన్నా ఇంగ్లీషుది పక్కన పెట్టుకోవాలె. అడిగేటందుకు మాత్రం ఇంగ్లీషు రావాల్సిన పని లేదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 6 ప్రకారం తెలుగుల దరఖాస్తు రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నవో కారణం చెప్పాల్సిన పని లేదు. 30 దినాలల్ల జవాబియ్యాలె. ఆడ సుత ఉన్నది 'షల్' అనే.