చెత్తలో కరెంటు

ఇల్లు ఊడిస్తే చెత్త. కూర తరిగితే చెత్త. పత్తి తీత అయిపోతే చేలో కట్టె మిగులుతుంది. మిరపకాయల తొడిమలు తీస్తే తొడిమల కుప్ప మిగులుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆడవాళ్లు ఇవన్నీ రోజూ చూసేవే.

ఈ చెత్త నుంచి కరెంటు వస్తుందంటే నమ్ముతారా? వస్తుంది. కానీ ఒక షరతు ఉంది. తడి చెత్త, పొడి చెత్త కలవకూడదు. వేరు చేసే ఆ పని ఇంట్లోనే మొదలు కావాలి.

కొండవీడు దగ్గర

కొండవీడు పేరు అందరికీ తెలుసు. రెడ్డిరాజుల కోట ఉన్న ఊరు. దాని దగ్గర జిందాల్ కంపెనీ చెత్తతో కరెంటు తీసే కేంద్రం కట్టింది. 2022లో దాన్ని ప్రారంభించారు. ఆ చోటు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. గుంటూరు, విజయవాడ లాంటి పట్నాల చెత్త లారీల మీద అక్కడికి చేరుతుంది.

ఒక కేంద్రం శక్తి 15 మెగావాట్లు అనుకోండి. అంటే ఎంత? లెక్క చూడండి.

పూర్తిగా నడిస్తే గంటకు 15,000 యూనిట్ల కరెంటు పుడుతుంది.
ఒక ఇంటికి నెలకు 100 యూనిట్లు కావాలనుకోండి.
15,000ను 100తో భాగిస్తే 150.

అంటే ఒక్క గంటలో పుట్టే కరెంటు 150 ఇళ్లకు నెల రోజుల వాడకంతో సమానం. అందులో కొంత ఆ కేంద్రం యంత్రాలకే ఖర్చవుతుంది.

కరెంటు ఎలా పుడుతుంది?

అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతుంది. దాన్ని ఎగరేసేది ఆవిరి. ఆవిరికి అంత బలం ఉంది. ఇక్కడా అదే బలాన్ని వాడతారు.

లారీలు తెచ్చిన చెత్తను పెద్ద గోతిలో పోస్తారు. కొన్ని రోజులు అక్కడే ఉంచుతారు. అందులోని నీరు కారిపోతుంది. తర్వాత క్రేనుతో ఎత్తి పెద్ద కొలిమిలో వేస్తారు. ఆ వేడికి గొట్టాల్లో నీళ్లు మరిగి ఆవిరి అవుతాయి. ఆవిరి వేగంగా వచ్చి ఒక చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే దానికి బిగించిన యంత్రంలో కరెంటు పుడుతుంది.

పొగను వెంటనే బయటికి వదలకూడదు. సున్నంతో, బొగ్గు పొడితో అందులోని విషాలను పట్టాలి. దుమ్మును సంచుల్లాంటి జల్లెడలతో ఆపాలి. ఈ పని సరిగా జరగకపోతే చుట్టుపక్కల ఊళ్లకు ముప్పు. కాలిన తర్వాత బూడిద కూడా మిగులుతుంది. దాన్నీ జాగ్రత్తగా పూడ్చాలి.

తడి కలిస్తే ఏమవుతుంది?

వానకు తడిసిన పత్తి కట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుంది? మంట రాదు. ఇల్లంతా పొగ కమ్ముతుంది. కళ్లు మండుతాయి. కొలిమిలోనూ అంతే. కూర తొక్కలు, మిగిలిన అన్నం, పాచిపోయిన పండ్లు కలిస్తే చాలా వేడి ఆ తడి ఆరడానికే పోతుంది. కరెంటు తగ్గిపోతుంది.

అలాగని తడి చెత్త పనికిరానిది కాదు. దాన్ని కాల్చకూడదు, కుళ్లబెట్టాలి. గొయ్యి తీసి వేస్తే ఎరువు అవుతుంది. గాలి తగలని తొట్టిలో పేడతో కలిపి వేస్తే గ్యాసు వస్తుంది. అదే గోబర్ గ్యాస్. రెండు ఘనపు మీటర్ల గ్యాసు తొట్టికి రోజుకు 50 కిలోల పేడ కావాలి. నాలుగైదు పశువులు ఉంటే సరిపోతుంది. ఆ గ్యాసుతో ఒక కుటుంబానికి వంట అవుతుంది. పొగ ఉండదు. తొట్టిలోంచి వచ్చే పేడనీళ్లు చేనుకు ఎరువు.

బయట తగలబెడితే?

చాలామంది పాలిథీన్ కవరుతో పొయ్యి రాజేస్తారు. చెత్తకుప్పకు అగ్గిపుల్ల గీసి వదిలేస్తారు. చెత్త పోయిందనుకుంటారు. కానీ అది పోదు, విషపు పొగ అవుతుంది. ఆ పొగ ముందుగా పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషి, ఆమె ఒడిలోని బిడ్డ.

దీనికి దూరదేశంలో ఒక ఉదాహరణ ఉంది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైనికులు శిబిరాల్లో ఉండేవారు. అక్కడి చెత్తను పెద్ద గోతుల్లో వేసి తగలబెట్టేవారు. ప్లాస్టిక్ కూడా అందులోనే. తర్వాత చాలామందికి ఊపిరి జబ్బులు వచ్చాయి. 2022లో అమెరికా వాళ్లకు వైద్యం, పరిహారం ఇవ్వడానికి చట్టం చేయాల్సి వచ్చింది. ఆ శిబిరాలకు కరెంటు కోసం డీజిలును చాలా దూరం నుంచి మోయాలి. అందుకే 2008లో బాగ్దాద్ దగ్గరి శిబిరంలో, చెత్తతో కరెంటు తీసే యంత్రాలను పరీక్షించి చూశారు. బయట తగలబెడితే రోగం తెచ్చే చెత్తే, యంత్రంలో సరిగా వాడితే కరెంటు ఇస్తుంది.

ఏం చేయాలి?

ఇంట్లో రెండు బుట్టలు పెట్టాలి. ఒకటి తడికి, ఒకటి పొడికి. ఇలా వేరు చేయాలని 2016లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనలు కూడా చెప్పాయి.

పురుగుమందు డబ్బాలను ఏ బుట్టలోనూ వేయకూడదు. పొయ్యిలో అసలే వేయకూడదు. వాటిలో నీళ్లు పట్టకూడదు. మళ్లీ ఎవరూ వాడకుండా చిల్లులు పొడిచి, పిల్లలకు అందకుండా విడిగా ఉంచాలి.

పాలిథీన్ కవరుతో పొయ్యి రాజేయడం మానాలి. ఎండిన కొబ్బరి పీచు, తాటాకు చాలు.

చెత్త ఎత్తేవాళ్లు రెండు బుట్టలూ ఒకే బండిలో కలిపేస్తే ఊరుకోవద్దు. పంచాయతీలో అడగాలి. ఇంట్లో పడ్డ కష్టం వీధిలో వృథా కాకూడదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి చెత్త ఎక్కడికి పోతోంది?
2. తడి చెత్తను ఎందుకు కాల్చకూడదు?
3. మీ ఊళ్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉందా? అది పనిచేస్తోందా?