పలుమైదానముల పాఠము

గోల్ఫు చిన్నబంతిని కఱ్ఱతో కొట్టి దూరముననున్న చిఱుగుంటలో పడవేయు ఆట. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు. టెన్నిసునకు కొలతగీసిన స్థలము కలదు. గోల్ఫు మైదానములలో ఒకదానిని బోలినది మఱియొకటి లేదు. కావున పలుచోట్ల ఆడినవారికే నేర్పు పండునని మా తలంపు.

బాబీ జోన్సు అమెరికాలోని అట్లాంటాయందు, ఈస్టులేకు మైదానమున ఆట నేర్చెను. అట్టి మెత్తనినేలపై ఎత్తుగా కొట్టినబంతి పడినచోటనే నిలుచును. 1921లో, 19వ యేట, ఓపెను పోటీకై స్కాట్లండులోని సెయింటు ఆండ్రూసునకు పోయెను. అది సముద్రతీరము. ఎత్తుగా లేచినబంతిని గాలి కొనిపోవును. గట్టినేలపై పడినది ఆగక దొర్లి ఇసుకగోతులలో చేరును. 18 గుంటలు ఒక చుట్టు. మూడవచుట్టులో, 11వ గుంటకడ, అతడు విసిగి ఆట విడిచెను.

అయినను ఆ నేలను నిందించి ఊరకుండలేదు. మరల వచ్చి, గాలికి లోబడక బంతిని నేలవెంట దొర్లించు నేర్పు సాధించెను. 1927లో అచటనే ఓపెను పోటీని 6 దెబ్బల తేడాతో గెలిచెను. 1930లో అమెచ్యూరు పోటీనిగూడ అచటనే గెలిచెను.

అలవాటైన నేల మన లోపములను దాచును; క్రొత్తనేల బయటపెట్టును. సోదరీమణులారా! క్రొత్తచోట ఓడివచ్చిన బిడ్డను గద్దింపకుడు. ఏ దెబ్బ తప్పెనో అడిగి, దానిని సాధనచేయించి, మరల అచటికే పంపుడు.