వంకర వ్రేళ్ళ వైద్యుడు



మన పల్లెలలో అరువదియేండ్లు దాటిన వారిని "చూపు ఎట్లున్న"దని అడిగినచో తఱచుగా వచ్చు సమాధాన మొక్కటే. "ఏదో మసకగా నున్నది. ఈ వయసున చూచి చేయవలసిన దేమున్నది?" అందురు. అరుగుపై కూర్చుండి, వచ్చినవానిని అడుగుల చప్పుడును బట్టియు గొంతును బట్టియు పోల్చుకొనుచు కాలము గడుపు వృద్ధులు ప్రతి యూరను కలరు. వీరిలో పెక్కురకు వచ్చినది మరలిరాని అంధత్వము కాదు, శుక్లము. శస్త్రముచే పోగొట్టదగినది. ఈ మాట విని శస్త్ర మనగానే జంకువారు కొందఱు. జంకు లేకున్నను పట్టణమునకు పోవుటకు దారి లేనివారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారి కొఱకు తన జీవితమును ధారవోసిన యొక శస్త్రవైద్యుని గూర్చి మీకు మనవి చేయదలచితిని. వారి పేరు గోవిందప్ప వేంకటస్వామిగారు.

వారు 1918వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన దక్షిణ తమిళదేశమున వడమలాపుర మను చిన్న పల్లెలో ఒక కర్షక కుటుంబమున జన్మించిరి. ఆ పల్లెబడిలో పలక లేదు, కాగితము లేదు. పిల్లలు ఏటి యొడ్డునుండి ఇసుక తెచ్చి పఱచి, దానిపై వ్రేలితో అక్షరములు దిద్దుకొనుచుండిరి. మన వీధిబడులలో ఇసుకపై ఓనమాలు దిద్దినవారు ఈ మాట విని నవ్వుకొందురు గాని, చిన్నతనము గావించుకొనరు. ఆ బాలుడు పదియేండ్ల ప్రాయమున నుండగా అతని బంధువర్గమున ముగ్గురు స్త్రీలు ప్రసవవేళ సరియైన వైద్యము లేక మరణించిరి. అది మనసున నాటుకొని, తాను ప్రసూతివైద్యుడు కావలయునని అతడు సంకల్పించుకొనెను. మదురైలో పట్టపరీక్ష ముగించి, చెన్నపట్టణమున స్టాన్లీ వైద్యకళాశాలలో చదివి 1944లో వైద్యుడై, పిమ్మట సైన్యవైద్యశాఖలో చేరెను.

అక్కడ విధి అడ్డుపడినది. ముప్పదియేండ్లు నిండకమునుపే దారుణమైన కీళ్ళవాతము దేహమంతట వ్యాపించెను. సంవత్సరమునకు పైగా ఆసుపత్రి మంచముపై పడియుండవలసి వచ్చెను. 1948లో సైన్యోద్యోగము పోయెను. నిలువబడుట కష్టము, నడచుట కష్టము, కలము పట్టుకొనుట సైతము అసాధ్యము. వ్యాధి కొంత నెమ్మదించిన పిమ్మట చూచుకొనగా చేతివ్రేళ్ళు వంకరలు తిరిగి బిగిసిపోయియుండెను. అవి మరల సరికాలేదు. ప్రసూతివైద్యము ఆ చేతులకు ఇక అందని పని.

మఱియొకడైనచో ఏదైన కూర్చుండి చేయు కొలువు వెదకుకొనియుండును. వేంకటస్వామిగారు నేత్రవైద్యము నెన్నుకొనిరి. ఇది వినుటకు వింతగా నున్నది. శస్త్రవైద్యము లన్నిటిలో అతి సూక్ష్మమైన పని కంటిపని. చేయి గింజంత కదలినను చూపునకే మోసము. అయినను దానియం దొక సౌలభ్యము కలదు. కంటివైద్యుడు కూర్చుండి పని చేయవచ్చును. బలముతో పని లేదు, నిదానముతో పని. వారు తమ వ్రేళ్ళకు తగినట్లు పనిముట్లను అమర్చుకొని, నెలల తరబడి సాధన చేసిరి. 1951లో నేత్రవైద్యమున డిప్లొమాయును, 1954లో ఉన్నత శస్త్రపట్టమును పొందిరి. 1956లో మదురై ప్రభుత్వ వైద్యకళాశాలలో నేత్రవైద్యశాఖకు అధిపతులైరి. ఆ వంకర వ్రేళ్ళతోడనే తమ జీవితకాలమున లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసిరి.

ఇక్కడ శుక్ల మననేమో కొంచెము చెప్పవలసియున్నది. కంటిలో నల్లని పాప వెనుక శనగగింజంత ప్రమాణమున ఒక స్వచ్ఛమైన కటకము కలదు. వెలుగు దాని గుండ లోనికి పోయి వెనుకనున్న పటలముపై పడినపుడే మనకు చూపు. వయసు మీరినకొలది ఆ కటకము, కాచినపుడు గ్రుడ్డులోని సొన తెలుపెక్కినట్లు, తెలుపెక్కి వెలుగును అడ్డుకొనును. మన సుశ్రుతాచార్యుడు ఈ వ్యాధి నెఱుగును. ఉత్తరతంత్రమున, యవగింజ మొనవంటి మొన గల శలాకతో కంటిని గ్రుచ్చి దోషమును దృష్టిమార్గమునుండి తొలగించు విధమును చెప్పి, పిదప రోగి తుమ్మరాదు, దగ్గరాదు, త్రేన్పరాదు, ఉమియరాదని కట్టడి చేసెను. ఆ పద్ధతిలో చెడిన కటకము కంటిలోనే వెనుకకు జారును, బయటికి రాదు. అందుచే కొందఱికి చూపు వచ్చినను కొంతకాలమునకు కన్ను చెడుచుండెను. కటకమును బయటికి తీయుట 1747లో ఫ్రాన్సు దేశమున డావియేలను వైద్యునితో ప్రారంభమైనది. మన పూర్వులు అన్నియు ముందే కనిపెట్టిరని చెప్పి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. వారు ఆరంభించిరి, తరువాతివారు ముందునకు కొనిపోయిరి. ఇద్దఱును వంద్యులే.

శుక్లము ముదరనిచ్చి తీయించుకొనవలయునని మన పెద్దలు చెప్పుదురు. పాత పద్ధతికి ఆ మాట కొంతవఱకు చెల్లినది. నేటి పద్ధతికి ముదరువఱకు ఆగ నక్కఱ లేదు. మిక్కిలి ముదరనిచ్చినచో శస్త్రము కష్టతరమగుటయే కాక, ఒక్కొక్కనికి కంటిలో పోటు పుట్టి లోపలి నరము చెడును. నరము చెడిన పిమ్మట ఏ వైద్యుడును చేయగలిగిన దేమియు లేదు. వేసవిలో చేయించుకొనరాదను మాటకును ఆధారము లేదు.

మదురైలో కొలువున నుండగానే వేంకటస్వామిగారికి ఒక సంగతి తేటపడినది. ఆసుపత్రి తలుపు తెఱచి కూర్చున్నంత మాత్రమున గ్రుడ్డివాడు వెదకుకొనుచు రాడు. అందుచే తామే పల్లెలకు బయలుదేఱిరి. బడియో, సత్రమో, ధాన్యపు కొట్టమో దొరికినచోట శిబిరము వేసి కన్నులు పరీక్షించి శస్త్రములు చేయుచుండిరి. చూపు మరలని అంధులకు చేతిపనులు నేర్పు కేంద్రము నెలకొల్పుటలోను, మంచి ఆహారము లేక కన్నులు పోవుచున్న పసిపిల్లలకు తల్లులచే ఆకుకూరలు తినిపించు ప్రయత్నమునను వారు పాలుగొనిరి. 1973లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను.

1976లో ఏబదియెనిమిది యేండ్లకు ఉద్యోగవిరమణ సమయము వచ్చినది. ఉపకారవేతనము తీసికొని విశ్రమించు కాలము. వారు అవివాహితులు. తండ్రి మరణానంతరము తమ్ములను చెల్లెండ్రను చదివించి నిలబెట్టిన పెద్దన్న. ఇపు డా తోబుట్టువులనే కూడగట్టుకొని, మదురైలో ఒక చిన్న యింట పదునొకండు మంచములతో కంటి ఆసుపత్రి తెఱచిరి. తాము ఆరాధించు శ్రీ అరవిందుల పేర దానికి అరవింద నేత్రవైద్యశాల యని పేరిడిరి. బ్యాంకులు అప్పీయ నిరాకరించగా ఇల్లు తాకట్టు పెట్టిరి. ఇంటి ఆడువారి నగలు కుదువకు పోయెను. చెల్లెలు నాచ్చియార్‌గారును, ఆమె భర్త నంపెరుమాళ్‌స్వామిగారును నేత్రవైద్యులై అన్నగారితో కలసి పనిచేసిరి. అన్నగారు జీతము పుచ్చుకొనక తమ ఉపకారవేతనముతోనే జీవించిరి.

ఇక ధర్మాసుపత్రి యెట్లు నడచును? మనలో ధర్మకార్యమనగా చందాలు పోగుచేయుట, చందా లైపోయిన నాడు తలుపులు మూయుట. వేంకటస్వామిగారు వేఱు లెక్క వేసిరి. ఈయగలవాడు రుసుము నిచ్చును. ఆ రుసుముతో ఈయలేనివానికి ఉచితముగా శస్త్రము జరుగును. ఈయగలడో లేదో రోగియే నిర్ణయించుకొనును. దానికి సాక్ష్యములు అడుగరు. పడక యందును గది యందును భేదముండును గాని వైద్యులు ఒక్కరే. ఈ నెల ఉచిత విభాగమున కత్తి పట్టిన వైద్యుడే మఱుసటి నెల రుసుము విభాగమున పట్టును. ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. దానము పుచ్చుకొనువానికి నాసిరకము సరుకీయుట మన దేశమున పాతజాడ్యము.

లెక్క కుదురుటకు పని వేగముగా జరుగవలెను. ఒక శస్త్రశాలలో రెండు బల్ల లుండును. వైద్యుడు ఒక బల్లపై శస్త్రము చేయుచుండగా రెండవ బల్లపై మఱియొక రోగిని సిద్ధము చేసియుంతురు. మొదటిది ముగియగానే వైద్యుడు రెండవదానికి తిరుగును. కన్ను కడుగుట, మందు వేయుట, కట్టు కట్టుట, చూపు కొలుచుట మొదలగునవి శిక్షణ పొందిన ఆడుపిల్లల పని. పదునేడు పదునెనిమిదేండ్ల పల్లెటూరి బాలికలను ఏఱి, రెండేండ్లు నేర్పి, ఈ పనిలో నిలిపిరి. వైద్యుని సమయము వైద్యునికే చెందిన పనికి మాత్రమే వినియోగమగును. వడ్రంగి బాడిసె పట్టియుండగా మ్రాను మోయువాడు వేఱుగా నుండుటవంటిది.

శిబిరములలో వారికి ఒక విచిత్రము కనబడినది. శస్త్రము ఉచితమని దండోరా వేసినను, శుక్లమున్నదని చెప్పించుకొన్నవారే పెక్కుమంది పట్టణమునకు రాకుండిరి. భయమని అందఱు అనుకొనిరి. విచారింపగా, బండికి పైకము లేదు, పట్టణమున భోజన మెట్లు, తోడువచ్చు కొడుకునకు కూలి పోవును, తిరిగివచ్చుటకు దారి తెలియదు అని కారణములు తేలినవి. ఉచిత మన్నది శస్త్రము మాత్రమే. తక్కిన వ్యయమంతయు పేదవాని తలపైననే యుండెను! అంతట రోగులను శిబిరమునుండియే తమ బండ్లలో కొనిపోయి, భోజనము పెట్టి, శస్త్రానంతరము మరల ఇంటికి చేర్చు నేర్పాటు చేసిరి. ఒకే యూరివారు పదిమంది కలసి పోవుటచే భయమును తగ్గెను. చూపు వచ్చి తిరిగివచ్చిన ముసలమ్మ ఒక్కతె చేసిన ప్రచారము దండోరావాడు నెలదినములు తిరిగినను చేయలేడు.

మఱియొక చిక్కు మిగిలియుండెను. కటకము తీసివేసిన కంటికి దళసరి అద్దములు లేనిదే చూపు నిలువదు. అద్దములు పొలములో పడి పగిలినచో రైతు మరల గ్రుడ్డివాడే. మా యూర నొక వృద్ధుడు ఒక అద్దము పోగా, రెండవదానిని దారముతో చెవికి కట్టుకొని మూడేండ్లు గడిపిన సంగతి నే నెఱుగుదును. దీనికి ఉపాయము ఇంగ్లండున హెరాల్డు రిడ్లీ యను వైద్యుడు కనిపెట్టెను. యుద్ధమున విమానపు కిటికీ పగిలి చోదకుల కన్నులలో చిక్కుకొనిన పారదర్శకపు ముక్కలు కంటికి అపకారము చేయకుండుట గమనించి, అట్టి పదార్థముతోనే కటకము చేసి 1949లో రోగి కంటిలో నమర్చెను. కాని విదేశముల నుండి వచ్చు నా కటకములు బీదలకు అందని వెలగలవి. వేంకటస్వామిగారి సంస్థ 1992లో మదురైలోనే ఆరోల్యాబ్ అను కర్మాగారము స్థాపించి, వెలను పదియవవంతుకంటెను తగ్గించినది. నాటినుండి ధర్మవిభాగపు రోగులకును కంటిలోనే కటకము దొరకసాగెను.

పదునొకండు మంచముల యిల్లు తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరి పట్టణములకు వ్యాపించినది. ఇతర దేశముల వైద్యులు సైతము వచ్చి అక్కడి పద్ధతి నేర్చుకొనిపోవుచున్నారు. వేంకటస్వామిగారు 2006 జూలై 7వ తేదీన మదురైలో దేహము చాలించిరి.

వారి చివరి సంవత్సరములలో మొదలైన యేర్పాటొకటి చెప్పి ముగించెదను. పెద్ద పల్లెలలో చిన్న చిన్న దృష్టికేంద్రములు తెఱచిరి. అచ్చట వైద్యు డుండడు. శిక్షణ పొందిన బాలిక రోగి కన్ను పరీక్షించి, దాని చిత్రమును యంత్రముద్వారా పట్టణమునకు పంపును. అచ్చటి వైద్యుడు చూచి, రోగితో అప్పుడే మాటలాడి, అద్దములు చాలునో, మందు కావలెనో, శస్త్రము కావలెనో చెప్పును. అద్దములతో సరిపోవువాడు పొలమునకు తిరిగిపోవును. శస్త్రము కావలసినవాడే బండి యెక్కును.