ఎరువు మంటను అణచు సున్నపురాయి

అమోనియం నైట్రేటు పైరుకు నత్రజని నొసగు లవణము. అది తానుగా మండదు. కాని వేడికి ప్రాణవాయువును విడిచి ఇతర వస్తువుల మంటను విజృంభింపజేయును. 1947లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవునందు, మైనపు పూతగల ఈ ఎరువు ఓడలో అంటుకొని ప్రేలగా, 500కు పైగా జనులు మరణించిరి. మైనము మంటకు తోడైనది.

సున్నపురాతి పొడి గుణము ఇందుకు విరుద్ధము. అది మండదు, కొంత వేడిని తాను గ్రహించును, లవణము విచ్ఛిన్నమగుటను త్వరపరచు నత్రికామ్లమును విరిచివేయును. ఈ రెంటి మిశ్రమమే కాల్షియం అమోనియం నైట్రేటు.

అయినను అజాగ్రత్త తగదు. సహకార సంఘపు గిడ్డంగిలో ఈ బస్తాలను గడ్డికి, కిరసనాయిలుకు, రంపపు పొట్టుకు దూరముగా నుంచవలెను. ప్రాణవాయువు ఎరువులోనే కలదు గనుక ఇసుక కప్పిన మంట ఆరదు. ఆరంభమందే పుష్కలముగా నీరు పోయవలెను. మంట ప్రబలినచో జనులను దూరముగా తరలించి, అగ్నిమాపక దళమునకు కబురంపుటయే పంచాయతీ సభ్యుల ప్రథమ కర్తవ్యము.